గెలవాల్సిన ఆటను చేజార్చుకున్న పిల్లవాడితో ఆ సాయంత్రం ఏం మాట్లాడాలి?

లెక్కల_మాస్టారు | ఆదివారం, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. నేను బాపట్ల జిల్లాలో ఒక మండల కేంద్రంలోని ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు వరకు బడి వరండాలోనే పద్నాలుగు మంది పిల్లలకు చదరంగం నేర్పుతున్నాను. నేను పెద్ద ఆటగాణ్ణి కాను, నా రేటింగు (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) ఏనాడూ 1700 దాటలేదు. అందుకే అనుభవజ్ఞులైన మిమ్మల్ని ఒక సంగతి అడగదలచుకున్నాను.

సెలవుల్లో మా పిల్లలు ముగ్గురు తొమ్మిది రౌండ్ల రేటింగ్ టోర్నమెంటులో ఆడారు. వారిలో పదేళ్ల కుర్రవాడొకడు ఏడో రౌండులో తనకంటే దాదాపు 200 పాయింట్లు ఎక్కువ ఉన్న ఆటగాడి మీద నిలకడగా ఆడి, ఒక బంటు మిగుల్చుకుని ముగింపు దశకు చేరాడు. బల్ల మీద మిగిలినవి మూడే పావులు. తెల్ల రాజు ఈ5లో, తెల్ల బంటు ఈ3లో, నల్ల రాజు ఈ8లో ఉన్నారు, ఎత్తు మావాడిది. రాజును ఈ6కు నడిపిస్తే ఆట గెలిచినట్లే. రాజు ముందు, బంటు వెనుక అని ఈ పాఠాన్ని మేము వరండాలో కనీసం పదిసార్లు ఆడి చూసుకున్నాము. మావాడు బంటును ఈ4కు తోశాడు. నల్ల రాజు ఈ7లోకి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆ తరువాత మా రాజు ఎటు జరిగితే అతడూ అటే జరిగాడు, బంటు ఏడో వరుస దాకా వెళ్లింది కానీ చివరకు స్టేల్‌మేట్ అయింది, అంటే ఆట డ్రా. ఆట ముగిసేసరికి మావాడి గడియారంలో ఇంకా 41 నిమిషాలు ఉన్నాయి.

హాలు బయటకు రాగానే వాళ్ల నాన్నగారు ఎత్తులు రాసుకున్న నోటేషన్ కాగితం తీసుకుని ఫోనులో ఎత్తులన్నీ ఎక్కించారు. ఎత్తుల మంచిచెడ్డలు లెక్కగట్టే ప్రోగ్రాం, అదే ఇంజిన్, తప్పు ఎత్తులకు ఎర్ర గుర్తులు చూపించింది. దాన్ని చూస్తూ పిల్లవాడు అన్న మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు: "ఇదే చెప్పేస్తుంది కదా సార్, ఇంక నేను ఆలోచించేదేముంది?" ఎనిమిదో రౌండులో ఇరవై ఎత్తులకే ఓడిపోయి వచ్చాడు.

తెలిసిన పాఠాన్ని బల్ల దగ్గర మరచిపోయిన పిల్లవాడికి ఆ సాయంత్రం ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు? ఇంజిన్‌ను ఏ దశలో చూడనివ్వాలి? నాకు కావలసినది ఈ రెండింటికే సమాధానం.

గుంటూరు_కోచ్ | ఆదివారం, రాత్రి 10.05

మాస్టారూ, ముందుగా మీ మాటలో ఒక సవరణ. ఆ పిల్లవాడు పాఠం మరచిపోలేదు. వరండాలో మీరు ఆ స్థితిని పెట్టి "ఇక్కడ గెలవాలి" అని చెప్పి ఆడించారు, అంటే అక్కడ ప్రశ్న ఉందని వాడికి ముందే తెలుసు. టోర్నమెంటులో ఆ మాట చెప్పేవారు ఉండరు. పజిళ్లు గడగడా విప్పే పిల్లలు ఆటలో అదే ఎత్తును చూడకుండా దాటిపోవడానికి నేను గమనించిన ప్రధాన కారణం ఇదే. పజిల్ ఉన్నదంటేనే సమాధానం ఉన్నదని అర్థం. ఆటలో, ఇప్పుడు ఆగి ఆలోచించాలని గుర్తించడమే సగం పని, దాన్ని మనం విడిగా నేర్పడం లేదు.

నేను పదిహేనేళ్లుగా చేస్తున్న ఒక చిన్న ఏర్పాటు చెబుతాను. పావులు మార్చుకుని కొత్త దశలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ, ముఖ్యంగా మంత్రులు పోయినప్పుడు, చివరి ఏనుగు పోయినప్పుడు, పిల్లలు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. అది శిక్ష కాదు, నియమం. కనీసం రెండు నిమిషాలు గడిచాకే చేయి పైకి రావాలి. మొదట్లో నవ్వుతారు, నెల తిరిగేసరికి అలవాటవుతుంది. మీవాడి గడియారంలో మిగిలిన 41 నిమిషాలే వాడి జబ్బేమిటో చెబుతున్నాయి. వాడికి ముగింపు పాఠం మళ్లీ చెప్పవద్దు. గడియారం వాడడం నేర్పండి.

ఇంకొక మాట. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి ఆట, అంటే 14వ ఆట, మీ పిల్లలకు తప్పక చూపించండి. డ్రా దిశగా సాగుతున్న ముగింపులో అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తుగా ఏనుగును ఎఫ్2కు తెచ్చాడు. సవాలుదారు గుకేష్ ఏనుగులను, ఆపైన శకటులను (బిషప్‌లను) మార్పించి ఆటను రాజు–బంట్ల ముగింపులోకి దించాడు. 58వ ఎత్తులో గుకేష్ రాజు వచ్చి ఎదురుగా నిలబడేసరికి డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు, 7.5–6.5తో కిరీటం చేతులు మారింది. ప్రపంచ చాంపియనే అలసిపోయిన వేళ అటువంటి మార్పిడిని చూడలేకపోయినప్పుడు, పదేళ్లవాణ్ణి బస్సులో కూర్చోబెట్టి చీవాట్లు పెట్టడం ఏం న్యాయం?

హన్మకొండ_అమ్మ | సోమవారం, ఉదయం 6.50

నేను శిక్షకురాలిని కాను, పన్నెండేళ్ల అమ్మాయికి తల్లిని. తండ్రులను తప్పుపట్టడం సులువే గానీ, మా వైపు కష్టం కూడా కాస్త వినండి. మా అమ్మాయి రేటింగు 1432. 2024 మార్చి నుంచి ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగు కనిష్ఠ స్థాయిని 1400 చేశారు కాబట్టి, అంతకంటే కిందికి జారితే జాబితాలో అసలు రేటింగే లేని ఆటగాళ్లలో కలిసిపోతుంది. ఒక్క చెడ్డ టోర్నమెంటు చాలు. ప్రవేశ రుసుము, ఐదు రోజుల బస, భోజనాలు, నాకు ఆఫీసులో పోయిన సెలవులు, ఇవన్నీ కళ్లముందు కదులుతుంటే, హాలు తలుపు తెరుచుకున్నప్పుడు పాప ముఖం చూసి ముందుగా నా నోట వచ్చే మాట "ఏమైంది?" అనే. ఆ మాట అడగకూడదని నాకు తెలుసు. అయినా వస్తుంది.

పైగా మా ఊరి పేరు ఇప్పుడు చదరంగంలో పెద్దది. అర్జున్ ఇరిగైసి ఇక్కడి కుర్రవాడే, 2024 డిసెంబరు జాబితాలో 2801తో నిలిచాడు. ఆ మాట విన్న ప్రతి తల్లిదండ్రులకూ తమ పిల్లలు ఎందుకు కాకూడదని అనిపించడం సహజం. ఆ ఆశను సొమ్ము చేసుకునేవారూ ఉన్నారు. ఏడాదిలో ఇంత రేటింగు తెప్పిస్తామని మాట ఇచ్చిన ఒక కేంద్రంలో మేము ఎనిమిది నెలలు కట్టాము. అక్కడ నేర్పింది లండన్ సిస్టమ్ అనే ప్రారంభ పద్ధతిలో పన్నెండు ఎత్తులు. ఎదుటివారు మూడో ఎత్తులోనే దారి మళ్లితే మా పాప తల పైకెత్తి నా కోసం వెతికేది.

గుంటూరు_కోచ్ | సోమవారం, ఉదయం 7.30

అమ్మా, మీ బాధ అర్థమైంది. అయితే లెక్క ఒకసారి చూడండి. పద్దెనిమిదేళ్లలోపు, 2300 కంటే తక్కువ ఉన్న పిల్లలకు ఫిడే లెక్కింపులో గుణకం 40. తనతో సమానులైన వారితో తొమ్మిది ఆటలాడి మూడు పాయింట్లు తెచ్చుకుంటే, రావలసినదానికంటే ఒకటిన్నర తగ్గింది కాబట్టి 60 పాయింట్లు పోతాయి. ఆరు తెచ్చుకుంటే అదే 60 వస్తాయి. పెద్దల గుణకం 20 మాత్రమే. అంటే పిల్లల రేటింగు ఉయ్యాలలా ఊగేటట్టే ఆ పద్ధతిని కట్టారు, వేగంగా ఎదిగే పిల్లవాడు వేగంగా పైకి రావాలన్నదే అందులోని ఉద్దేశం. ఊగేదాన్ని చూసి ప్రతి నెలా కంగారుపడితే, రేటింగు కాపాడుకోవడానికి టోర్నమెంట్లు మానుకునే స్థితి వస్తుంది. పన్నెండేళ్ల పిల్ల 1432ను దాచుకుని ఏం చేసుకుంటుంది?

ఆర్బిటర్_బెజవాడ | సోమవారం, రాత్రి 8.15

నేను పన్నెండేళ్లుగా పిల్లల టోర్నమెంట్లలో ఆర్బిటర్‌గా, అంటే ఆట నియమాలు చూసే అధికారిగా ఉంటున్నాను. శిక్షణలో ఎక్కడా చెప్పని విషయాల వల్ల పోయే పాయింట్లను రోజూ చూస్తాను కాబట్టి వాటి గురించి మాత్రమే రాస్తాను.

పిల్లలకు గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలిచే హక్కు ఉందని చాలామందికి తెలియదు. ఎదుటివాడు చెక్‌లో ఉండి వేరే ఎత్తు వేస్తే వీడు దిక్కులు చూస్తూ కూర్చుంటాడు, లేదా తానూ ఒక ఎత్తు వేసేస్తాడు. క్లాసికల్ (ఎక్కువ సమయమిచ్చే) ఆటలో మొదటి చెల్లని ఎత్తుకు ఎదుటివారికి రెండు నిమిషాలు కలుపుతాము, రెండోసారి చేస్తే ఆట పోతుంది. ఎత్తు వేయకుండా గడియారం నొక్కడం కూడా చెల్లని ఎత్తు కిందికే వస్తుంది. ఇది వింటే పిల్లలే కాదు, శిక్షకులు కూడా ఆశ్చర్యపోతారు.

డ్రా అడిగే పద్ధతి సంగతీ అంతే. ఎత్తు వేసి, గడియారం నొక్కేముందు అడగాలి. ఎదుటివాడు ఆలోచిస్తుండగా నాలుగైదుసార్లు "డ్రా? డ్రా?" అంటే అది సతాయించడం అవుతుంది.

ఒకసారి అండర్-9 విభాగంలో ఒక పాప కన్నీళ్లతో నా దగ్గరకు వచ్చి, తాను ఓడిపోయానని చెప్పింది. బల్ల దగ్గరకు వెళ్లి చూస్తే రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. అది స్టేల్‌మేట్, అంటే అర పాయింటు ఆమెది. ఎదుటి కుర్రవాడు చేయి చాచి "నువ్వు ఓడిపోయావు" అన్నాడు, ఈమె సరేనని చేయి కలిపింది. అదృష్టవశాత్తు ఇద్దరూ ఇంకా కాగితాలమీద సంతకాలు చేయలేదు, పావులు కూడా చెదరలేదు. సంతకాలయ్యాక తప్పుడు ఫలితాన్ని సరిదిద్దడం ఎంత కష్టమో ఆర్బిటర్లకే తెలుసు. కాబట్టి మీరు నేర్పే మొదటి పాఠాల్లోనే ఒకటి చేర్చండి: చేయి కలిపేముందు బల్లవైపు మరొకసారి చూడాలి, సంతకం చేసేముందు ఫలితం చదవాలి.

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 9.00

ఆర్బిటర్ గారూ, ఒక సందేహం. గుంటూరు మాస్టారు గడియారం గురించి చెప్పాక, పిల్లల చేత ప్రతి ఐదెత్తులకు ఒకసారి నోటేషన్ కాగితంమీద మిగిలిన సమయాన్ని రాయించాలని అనుకుంటున్నాను. ఆ కాగితంమీద ఎత్తులు తప్ప మరేమీ రాయకూడదని ఎవరో అన్నారు. ఇది తప్పవుతుందా?

ఆర్బిటర్_బెజవాడ | సోమవారం, రాత్రి 9.12

తప్పు కాదు. ఎత్తులు, గడియారంలోని సమయాలు, డ్రా ప్రతిపాదనలు, క్లెయిమ్‌కు సంబంధించిన వివరాలు రాసుకోవడానికి నిబంధనలే అనుమతిస్తున్నాయి. "జాగ్రత్త", "మంత్రిని చూడు" వంటి గుర్తుచేసుకునే మాటలు రాయకూడదు. ఎత్తు వేయకముందే దాన్ని కాగితంమీద రాయడం కూడా కుదరదు. డ్రా క్లెయిము చేసే సందర్భాల్లో దీనికి మినహాయింపు ఉంది. ముందు రాసి తరువాత వేయడం మంచి అలవాటని వెనుకటి తరం శిక్షకులు నేర్పేవారు, ఆ అలవాటు ఇంకా కొన్ని ఊళ్లలో పోలేదు.

డల్లాస్_నాన్న | మంగళవారం, ఉదయం 5.40

ఇక్కడ అమెరికాలో మా అబ్బాయి ఆడేవి ఎక్కువగా శనివారం ఒక్కరోజులో ముగిసే పాఠశాల టోర్నమెంట్లు. యూఎస్ చెస్ రేటింగు 100 దాకా కిందికి వెళుతుంది కాబట్టి, జాబితాలోంచి పడిపోతామన్న భయం ఇక్కడ ఉండదు. పిల్లలు ఓడిపోయినా పరుగెత్తుకుంటూ వచ్చి పిజ్జా అడుగుతారు. అయితే ఆ నిర్లక్ష్యానికీ ఒక ధర ఉంది, తమ ఆటను తిరిగి చూసుకునేవారు చాలా తక్కువ.

మా ఇంట్లో మా అమ్మ మనవడితో ఆడేటప్పుడు మంత్రి, ఏనుగు, గుర్రం అంటుంది. బిషప్‌ను మా అమ్మ శకటు అంటే, మా అత్తగారు ఒంటె అంటారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర చేరితే మా వాడికి తమాషాగా ఉంటుంది. ఆ ముసలావిడలిద్దరూ ఆట అయ్యాక అరగంట సేపు "నువ్వు అక్కడ అలా ఎందుకు వేశావురా?" అని వాణ్ణి అడుగుతారు. వాళ్లకు ఇంజిన్ తెలియదు. డబ్బు తీసుకునే శిక్షకుడు కూడా అడగని ప్రశ్న అది.

పాత_ఆటగాడు_ఖమ్మం | మంగళవారం, రాత్రి 10.30

డల్లాస్ నాన్నగారు చెప్పిన ఆ అరగంటే అసలు శిక్షణ. మేము ఆడిన రోజుల్లో ఆట అయ్యాక ఎదుటివాడితోనే పక్క గదిలో కూర్చుని ఆటంతా తిరిగి వేసుకునేవాళ్లం. ఓడించినవాడే తానెక్కడ భయపడ్డాడో చెప్పేవాడు. మనం గొప్పగా అనుకున్న ఎత్తును అతడు అసలు లెక్కపెట్టలేదని అప్పుడే తెలిసేది. ఇప్పుడు పిల్లలిద్దరూ బయటకు రావడమే ఆలస్యం, ఇద్దరి తండ్రులూ రెండు ఫోన్లు తీస్తారు.

గుకేష్ విషయమే చూడండి. తెలుగు కుటుంబంలో పుట్టి చెన్నైలో పెరిగిన ఆ కుర్రవాణ్ణి 2500 స్థాయి దాటేదాకా ఇంజిన్‌కు దూరంగా ఉంచానని శిక్షకుడు విష్ణు ప్రసన్న స్వయంగా చెప్పారు. అంతటివాడికే అక్కరలేనిది మన 1400 పిల్లలకెందుకు? పూర్తిగా ఆపేయాలన్నది నా అభిప్రాయం.

కడప_యువకోచ్ | మంగళవారం, రాత్రి 11.10

పెద్దాయనకు గౌరవంతోనే విభేదిస్తున్నాను. విష్ణు ప్రసన్న గారు స్వయంగా గ్రాండ్‌మాస్టర్. శిష్యుడి ఎదురుగా అటువంటి బుర్ర కూర్చుని ఉన్నప్పుడు ఇంజిన్ లేకపోయినా నడుస్తుంది. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారంటే, అధ్యాపక ఉద్యోగం వదులుకుని ఆమెకు శిక్షణ ఇచ్చిన తండ్రి అశోక్ గారు స్వయంగా ఆటగాడు. గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణకు ఆట నేర్పడానికి ఇంట్లోనే తాతగారు ఉన్నారు. మా ఊళ్లో పిల్లలకు ఎవరున్నారు? నేనున్నాను, నా రేటింగు 1650. నాకు తెలియని ముగింపును నేను ధైర్యంగా తప్పు చెప్పడం కంటే, పాత ఫోనులో ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ ఇంజిన్ సరైనది చెప్పడం మేలు కాదా? ఇంజిన్ వద్దనడం నగరాల్లో ఖరీదైన శిక్షకులున్న పిల్లలకు చెల్లే మాట. చిన్న ఊళ్ల పిల్లలకు అది తెరిచిన మొదటి కిటికీ.

గుంటూరు_కోచ్ | బుధవారం, ఉదయం 6.15

కడప తమ్ముడు చెప్పినదానిలో నిజం ఉంది, నేను కాదనను. కానీ ఇంజిన్ ఇచ్చేది సమాధానం మాత్రమే. మాస్టారి శిష్యుడు బంటును తోసినప్పుడు దాని విలువ సున్నాకు పడిపోయిందని అది చెబుతుంది. వాడు ఎందుకు తోశాడో దానికి తెలియదు. నల్ల రాజు దూరంగా ఉన్నాడని తొందరపడ్డాడా, బంటు త్వరగా మంత్రి కావాలనుకున్నాడా, పక్క బల్లమీద స్నేహితుడు గెలిచి లేచాడని వీడూ లేవాలనుకున్నాడా? ఈ మూడింటికీ మందులు మూడు రకాలు.

అందుకే నా దగ్గర క్రమం ఇలా ఉంటుంది. రౌండు అయ్యాక ముందు అన్నం. ఆ రోజు ఇంకొక రౌండు ఉంటే ఆట ఊసే ఎత్తను, ఇంజిన్‌లో చూపించనివ్వను, ఎందుకంటే ఆ మధ్యాహ్నం వాడికి కావలసింది తేరుకోవడమే. రాత్రి నోటుపుస్తకంలో పిల్లవాడు తన చేతితో మూడు చోట్లు గుర్తించి రాయాలి: ఎక్కడ భయపడ్డాడు, ఎక్కడ తొందరపడ్డాడు, ఎక్కడ ఏం చేయాలో తోచలేదు. రాసినది తప్పయినా ఫరవాలేదు. నేను దాన్ని చదివాకే ఇంజిన్ తెరుస్తాము, అదీ వాడు రాసిన ఆ మూడు చోట్ల వరకే. వాడు గుర్తించని పెద్ద తప్పును అది చూపిస్తే, ఆ రోజు పాఠం అదే అవుతుంది. చిన్న ఊరి శిక్షకుడికి 1650 చాలు తమ్ముడూ. "ఎందుకు వేశావు?" అని అడగడానికి రేటింగు అక్కరలేదు.

హన్మకొండ_అమ్మ | బుధవారం, రాత్రి 9.45

ఈ సాయంత్రం ఇంట్లో ప్రయత్నించాను. గత టోర్నమెంటులో ఓడిన ఆట తీసి మూడు చోట్లు రాయమన్నాను. మొదటిది, రెండోది ఆట గురించే రాసింది. మూడోదిగా, "23వ ఎత్తు దగ్గర కిటికీలోంచి అమ్మ కనిపించింది" అని రాసింది. తల్లిదండ్రులను హాలులోకి రానివ్వరు కాబట్టి నేను వరండాలో కిటికీ దగ్గర నిలబడుతుంటాను. ఈసారి టోర్నమెంటులో కాంపౌండు బయట చెట్టు కింద కూర్చోదలచుకున్నాను.

లెక్కల_మాస్టారు | పద్దెనిమిది రోజుల తరువాత, ఆదివారం, రాత్రి 8.40

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మొన్న శని, ఆదివారాల్లో చిన్న రాపిడ్ (తక్కువ సమయమిచ్చే ఆటల) టోర్నమెంటుకు వెళ్లి వచ్చాము. రాపిడ్‌లో ఎత్తులు రాయనక్కరలేదు కాబట్టి, ఆట అయిన వెంటనే గుర్తున్నంతవరకు నోటుపుస్తకంలో వేయమన్నాను. మావాడు ఏడు ఆటల్లో మూడున్నర తెచ్చుకున్నాడు, చెప్పుకోదగిన ఫలితమేమీ కాదు. నాలుగో రౌండులో ఏనుగులు మారిన చోట చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడట, ఎదుటి కుర్రవాడు కడుపునొప్పా అని అడిగాడట. ఆ ఆట ఓడిపోయాడు, ఎందుకంటే పది నిమిషాల్లో నాలుగు అక్కడే అయిపోయాయి. రాపిడ్‌కు వేరే కొలత పెట్టాలని నాకు ముందు తోచలేదు, ఆ తప్పు నాదే.

సాయంత్రం బస్సులో వాళ్ల నాన్నగారు అలవాటుగా ఫోను తీశారు. మావాడు పుస్తకం తెరిచి, "ఉండు నాన్నా, రెండు రాశాను, ఇంకొకటి ఉంది" అన్నాడు. చీరాల దాటేదాకా ఆయన ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు.

గుంటూరు కోచ్ గారూ, పది నిమిషాల ఆటకు మీ దగ్గర ఎంతసేపు ఆగమంటారో చెప్పగలరా?

గుంటూరు_కోచ్ | ఆదివారం, రాత్రి 9.05

పది దీర్ఘమైన శ్వాసలు, మాస్టారూ. పిల్లలు లోపల లెక్కపెట్టుకుంటారు. నలభై సెకన్ల కంటే ఎక్కువ పట్టదు.